మీ బయోడేటా చూసి మేట్రన్ ఫోన్ చేయాలంటే: సీమలో నర్సు ఉద్యోగానికి అప్లై చేసేవాళ్ళకు

మధ్యాహ్నం ఓపీ సద్దుమణిగాక, మూడు గంటల ప్రాంతంలో నా టేబుల్ మీదికి బయోడేటాల కట్ట ఒకటి వస్తుంది. కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా, అంటే మేట్రన్‌గా చేస్తున్నాను. స్టాఫ్ నర్సు పోస్టులు ఒకటో రెండో ఉంటాయి. కాగితాలు మాత్రం ఆదోని, డోన్, నంద్యాల నుంచి, తుంగభద్ర అవతల గద్వాల నుంచి కూడా వచ్చి ఉంటాయి. చాలావరకు ఒకే జిరాక్స్ షాపులో ఒకే నమూనాలో కొట్టించినట్టుంటాయి. "కష్టపడి పనిచేసి సంస్థ అభివృద్ధికి తోడ్పడతాను" అని పైన ఒక వాక్యం, కింద తండ్రి పేరు, హాబీలు, చివర సంతకం. చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ పిల్లల్లో చాలామందికి పని వచ్చు. వచ్చిన పని కాగితం మీద లేదు.

ఆ కాగితాల్లో నేను వెతికేది ఒక్కటే: రాత్రి రెండు గంటలకు ఇరవై మంచాల వార్డును ఈ పిల్ల చేతిలో పెడితే పేషెంట్లు భద్రంగా ఉంటారా? పెద్ద ఆసుపత్రిలో హెచ్‌ఆర్ అయినా, పది మంచాల నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరైనా మనసులో వేసుకునే ప్రశ్న ఇదే. మీరు రాసే ప్రతి లైనూ, ఇంటర్వ్యూలో చెప్పే ప్రతి జవాబూ ఈ ప్రశ్నకు సమాధానంగా ఉండాలి. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు కౌన్సిల్ నెంబరు

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేళ్ళు. పాసయ్యామనగానే అప్లికేషన్లు మొదలుపెడతారు. అది తొందరపాటు. ఆంధ్రప్రదేశ్ నర్సులు, మిడ్‌వైవ్‌ల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నెంబరు లేనిదే మంచి ఆసుపత్రి ఏదీ మిమ్మల్ని స్టాఫ్ నర్సుగా తీసుకోదు. నెంబరు ఉంటే బయోడేటాలో పేరు కిందనే రాయండి, నాలుగో పేజీలో దాచొద్దు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళ ట్రాకింగ్ పద్ధతిలో వచ్చే ఎన్‌యూఐడీ నెంబరు ఉంటే అదీ పక్కనే పెట్టండి. రెన్యూవల్ తేదీ దాటిపోయిందేమో ఈరోజే చూసుకోండి.

అనంతపురం వైపు పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. బెంగళూరులోనో బళ్ళారిలోనో చదివి కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టరైన వాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. ఇక్కడ పనిచేయాలంటే అక్కడి నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ తెప్పించుకుని మన కౌన్సిల్‌కు మార్పించుకోవాలి. దానికి సమయం పడుతుంది. ఉద్యోగం దొరికాక చూద్దాంలే అనుకోకుండా అన్నిటికన్నా ముందు ఆ పని మొదలుపెట్టండి. అప్లై చేసేనాటికి ఇంకా పూర్తికాకపోతే "మార్పుకు దరఖాస్తు చేశాను, రసీదు ఉంది" అని నిజం రాయండి.

పదో తరగతి మెమో, ఏడాదివారీ మార్కుల జాబితాలు, డిప్లొమా లేదా ప్రొవిజనల్, రిజిస్ట్రేషన్, పాత ఉద్యోగాల ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్లు, హెపటైటిస్-బి మూడు డోసులు వేయించుకున్న కాగితం: ఇవన్నీ మూడు సెట్లు జిరాక్స్ తీయించి ఒక ఫైల్లో పెట్టుకోండి. హెపటైటిస్ టీకా సంగతి చాలామంది రాయరు. సూది గుచ్చుకునే ప్రమాదం రోజూ ఉన్న పని మనది. టీకా కాగితం ఉన్న నర్సు తన భద్రత తాను చూసుకుంటుందని నాకు అక్కడే తెలిసిపోతుంది.

బయోడేటా: ఒక్క పేజీ, మూడు మాటలు

బయోడేటా ఇంగ్లీషులోనే అడుగుతారు, ఇంగ్లీషులోనే రాయండి. భావం మాత్రం ఇలా ఉండాలి. పేరు కింద మొదటి రెండు లైన్లలోనే మీరెవరో తేలిపోవాలి:

"జీఎన్‌ఎం, 2022. ఏపీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. రెండేళ్ళు 50 పడకల ఆసుపత్రిలో క్యాజువాలిటీ, మెడికల్ ఐసీయూ. నైట్ డ్యూటీలు చేశాను. తెలుగు, ఉర్దూ, కన్నడ మాట్లాడతాను. 15 రోజుల్లో చేరగలను."

ఇంతే. కష్టపడతానన్న వాక్యం తీసేయండి. ఆ జాగాలో ఎన్ని పడకల ఆసుపత్రి, ఏ వార్డు, ఒక షిఫ్టులో ఎంతమంది పేషెంట్లు మీ చేతిలో ఉండేవాళ్ళు అన్నది రాయండి. "స్టాఫ్ నర్సుగా పనిచేశాను" అంటే నాకేమీ తెలియదు. "నైట్ షిఫ్టులో ఒక హెల్పరుతో 14 మందిని చూసుకున్నాను" అంటే ఆ వార్డు నా కళ్ళముందు కనిపిస్తుంది.

ఆ కింద మీకు వచ్చిన పనులు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. సిరలో పెట్టే క్యాన్యులా, క్యాథెటర్, ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్, సక్షన్, ఈసీజీ, ఇన్‌ట్యుబేషన్, వెంటిలేటర్ అని అన్నీ ఒకే వరసలో పేర్చేస్తారు. అలా కాకుండా మూడు మాటలు వాడండి: చూశాను, సాయం చేశాను, సొంతంగా చేశాను. ప్రతి పనీ వీటిలో ఏదో ఒకదాని కిందికి రావాలి.

ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి ఒకే పోస్టుకు ఇద్దరొచ్చారు. ఒకరు "ఇన్‌ట్యుబేషన్ చేశాను" అని, అంటే ఊపిరి ఆడడానికి గొంతులోకి ట్యూబ్ వేశానని రాశారు. ఏ సైజు ట్యూబ్ వాడావమ్మా అని అడిగితే జవాబు లేదు. ఇంకో అమ్మాయి కాగితంలో ఇలా ఉంది: "ఇన్‌ట్యుబేషన్‌కు సాయం: ట్రాలీ సిద్ధం చేయడం, లారింగోస్కోప్ బల్బు చూడడం, ట్యూబ్ కఫ్ పరీక్షించడం, సక్షన్ అందించడం." చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, అర్ధరాత్రి డాక్టరు పరుగెత్తుకొచ్చినప్పుడు గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలగకపోతే ఏమవుతుందో ఐసీయూలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఆ అమ్మాయిని అదే రోజు తీసుకున్నాం. మొదటి అమ్మాయికి పని రాదని నేననను. లేనిది రాసినందువల్ల ఉన్నది కూడా నమ్మలేకపోయాం.

ఇప్పుడే చదువు ముగించిన వాళ్ళు "మాకు అనుభవం లేదు కదా మేడం" అంటారు. ఎందుకు లేదు? మీ లాగ్‌బుక్, మిడ్‌వైఫరీ కేసుబుక్ అటక మీద పెట్టేశారా? కిందికి దించండి. ఎన్ని డెలివరీలు చేశారు, ఎన్నిటికి సాయం చేశారు, ఏ వార్డులో ఎన్ని వారాల పోస్టింగ్ అన్నదంతా అందులో సంతకాలతో సహా ఉంది. ఆ అంకెలు ఉన్నవి ఉన్నట్టు బయోడేటాలోకి ఎక్కించండి, పుస్తకం ఇంటర్వ్యూకు వెంట తెచ్చుకోండి. కర్నూలు పెద్దాసుపత్రిలో క్లినికల్ పోస్టింగ్ చేసిన పిల్లలు ఒక్క ఏడాదిలో చూసిన కేసులు చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళకు గానీ కనపడవు. అది రాయకపోవడం మీకు మీరు చేసుకునే అన్యాయం.

పెళ్ళి, కాన్పు, పిల్లల వల్ల మధ్యలో రెండు మూడేళ్ళు ఆగిపోయిన వాళ్ళు ఆ ఖాళీని దాచాలని చూస్తారు. తేదీలు కలపొద్దు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఆగారో ఒక లైన్లో రాసి, తిరిగి రావడానికి ఏం చేశారో ఇంకో లైన్లో రాయండి. బీఎల్‌ఎస్ (ప్రాణం నిలిపే ప్రాథమిక చికిత్స) శిక్షణ కొత్తగా చేసి వస్తే అంతకన్నా మంచి జవాబు లేదు. ఆ కార్డు రెండేళ్ళే చెల్లుతుంది కాబట్టి తేదీ కూడా వేయండి.

ఇక్కడి పేషెంట్లు, ఇక్కడి భాషలు

బెంగళూరు, హైదరాబాద్ ఆసుపత్రుల కోసం తయారైన నమూనాలో మన ఊరి సంగతులు ఉండవు. మీరే చేర్చాలి. సీమలో క్యాజువాలిటీ తలుపు తోసుకుని వచ్చేవి ఏవి? వానలు పడి సేద్యం మొదలైతే పాముకాట్లు. పురుగుమందు తాగిన కేసులు. 44వ నెంబరు జాతీయ రహదారి మీద యాక్సిడెంట్లు, కడప వైపు 40వ నెంబరు రోడ్డు మీదవి. ఎండాకాలం వడదెబ్బలు. వీటిలో మీరు చేయి పెట్టినవి ఉంటే పేరు పెట్టి రాయండి.

రక్తపింజరి కాటుకు రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. కట్లపాము, నాగుపాము అయితే కనురెప్పలు వాలుతున్నాయా, ఊపిరి ఆడుతోందా అని కనిపెట్టుకుని ఉండాలి. ఇది చేసిన నర్సు "పాముకాటు కేసుల్లో 20 నిమిషాల రక్త పరీక్ష పెట్టాను, యాంటీవీనమ్ నడుస్తుండగా రియాక్షన్ కోసం చూశాను" అని ఒక్క లైను రాస్తే చాలు. ఆ కాగితాన్ని కట్ట కింద పెట్టడానికి నాకు చేయి రాదు. విరుగుడుగా అట్రోపిన్ నడుస్తున్న పురుగుమందు కేసులో కంటిపాపలు, నాడి, ఛాతీలో గురగుర, చెమట చార్టులో రాసిన అనుభవమూ అంతే.

భాష గురించి ఎవరూ రాయరు. కర్నూలు, కడపల్లో సగం మాటలు ఉర్దూలో నడిచే వార్డులున్నాయి. అనంతపురానికి బళ్ళారి వైపు నుంచి, కర్నూలుకు రాయచూరు వైపు నుంచి కన్నడ పేషెంట్లు వస్తారు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అని పేషెంటును తన భాషలో అడగగలిగిన నర్సు ఆ షిఫ్టుకు ఎంత బలమో చెప్పలేను. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు అది అర్హత కాదనుకుని వదిలేస్తారు. పైన మొదటి లైన్లోనే రాయండి.

మగపిల్లలకు ఒక మాట. జనరల్ వార్డులకు, లేబర్ రూముకు బ్రదర్స్‌ను తీసుకోవడానికి ఇంకా వెనకాడే చోట్లున్నాయి. క్యాజువాలిటీ, ఐసీయూ, ఓటీ, డయాలసిస్ మాత్రం మీకోసం చూస్తూ ఉంటాయి. అప్లికేషన్లో "ఏదైనా పర్వాలేదు" అనకుండా వాటిలో ఒకదాని పేరు పెట్టి అడగండి.

కాగితం ఎవరి చేతికి చేరాలి

గేటు దగ్గర సెక్యూరిటీకో రిసెప్షన్‌లోనో ఇచ్చి వచ్చేస్తే దాని దారి అది చూసుకుంటుంది. పొద్దున రౌండ్ల టైములో రావొద్దు, ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య రండి, నర్సింగ్ సూపరింటెండెంటును రెండు నిమిషాలు కలవాలని అడగండి. నర్సింగ్ ఆఫీసు లేని చిన్న ఆసుపత్రి అయితే సాయంత్రం ఓపీ మొదలయ్యే ముందు డాక్టరునే కలవండి. కర్నూల్లో ఎన్‌ఆర్ పేట, గాయత్రి ఎస్టేట్, అనంతపురంలో సాయినగర్ లాంటి చోట్ల ఆసుపత్రులు పక్కపక్కనే ఉంటాయి, ఒక మధ్యాహ్నంలో నాలుగైదు తిరగొచ్చు. బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి లాంటి ట్రస్టు ఆసుపత్రులకు, కార్పొరేట్ శాఖలకు మాత్రం వాళ్ళు ప్రకటించిన పద్ధతిలోనే పంపండి.

దీనికన్నా బలమైన దారి ఒకటుంది. ఖాళీ వచ్చినప్పుడు నేను చేసే మొదటి పని ప్రకటన ఇవ్వడం కాదు. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్లను పిలిచి "ఎవరైనా మంచి పిల్ల ఉంటే చెప్పండమ్మా" అంటాను. మీ క్లినికల్ పోస్టింగ్‌లో మిమ్మల్ని చూసిన ఇన్‌ఛార్జి సిస్టర్ ఎక్కడో ఒకచోట ఇదే మాట వింటూ ఉంటుంది. ఆమెకు ఫోన్ చేయండి. "సిస్టర్, నేను ఫలానా బ్యాచ్, మీ సర్జికల్ వార్డులో ఆరు వారాలు చేశాను, ఉద్యోగం చూస్తున్నాను, మీ పేరు రెఫరెన్స్‌గా పెట్టుకోవచ్చా?" అని అడిగి, ఒప్పుకుంటేనే పెట్టండి. అడగకుండా పేరు పెడితే, మేం ఫోన్ చేసినప్పుడు ఆమె "ఎవరమ్మా అది?" అంటుంది. అక్కడితో ఆ కాగితం పని అయిపోయినట్టే.

వాట్సాప్‌లో పంపమంటే "హాయ్ మేడం, జాబ్ ఉందా" అని పెట్టొద్దు. ఇలా రాయండి:

"నమస్తే మేడం. నేను జీఎన్‌ఎం, ఏపీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. ఆదోనిలో 30 పడకల ఆసుపత్రిలో ఏడాది క్యాజువాలిటీలో చేశాను. కన్నడ వచ్చు. మీ ఐసీయూలో స్టాఫ్ నర్సు పోస్టుకు బయోడేటా పంపుతున్నాను. నైట్ డ్యూటీకి సిద్ధం. వచ్చే నెల 1 నుంచి చేరగలను."

ఫైలుకు మీ పేరు, చదువు, వార్డు పేరు పెట్టండి. ఫోన్లో "కొత్త బయోడేటా" అనే పేరుతో ఎన్నో ఫైళ్ళు ఉంటాయి, మీది ఏదో వెతకలేం.

ప్రభుత్వ పోస్టు అయితే

అక్కడ ఈ పరిచయాలు పనిచేయవు, మార్కులే. మన ప్రాంతానికి కడపలోని వైద్య ఆరోగ్య శాఖ ప్రాంతీయ సంచాలకుల కార్యాలయం ఇస్తూ వచ్చిన కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లలో 100 మార్కులకు లెక్క ఇది: చదువులో వచ్చిన మార్కులకు 75, పాసైన తర్వాత గడిచిన ఒక్కో ఏడాదికి ఒకటి చొప్పున 10 దాకా, ప్రభుత్వంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పనికి 15 దాకా. ఆ 15లో కూడా ఆరు నెలలకు గిరిజన ప్రాంతమైతే 2.5, పల్లె అయితే 2, పట్నమైతే 1. అందుకే పీహెచ్‌సీలో చేసినవాళ్ళు సర్వీసు సర్టిఫికెట్ సరైన అధికారి సంతకంతో ముందే తీసి పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే గడువు అయిపోతుంది. నోటిఫికేషన్ నోటిఫికేషన్‌కూ నిబంధనలు మారొచ్చు, మీ చేతిలో ఉన్నదాన్ని పూర్తిగా చదవండి. దళారులకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మెరిట్ జాబితాలో వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు.

ఇంటర్వ్యూ అంటే చేతి పరీక్ష

శుభ్రమైన బట్టలు, కత్తిరించిన గోళ్ళు, ముడేసిన జుట్టు. దీని గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

నేను అడిగేవి సాధారణంగా ఇలా ఉంటాయి. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో వెళ్ళాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? ఐదువందలను ఇరవైతో గుణిస్తే పదివేలు, దాన్ని 240 నిమిషాలతో భాగిస్తే సుమారు 42. అమికాసిన్ 2 మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాములుంది, డాక్టరు 375 రాశారు, ఎంత తీస్తావు? ఒకటిన్నర. కాగితం, పెన్ను అడిగి లెక్క వేసుకోండి, సిగ్గుపడొద్దు. నోటిలెక్కతో తొందరపడి తప్పు చెప్పే నర్సు కన్నా, ఆగి రాసుకుని సరిగ్గా చెప్పే నర్సే నాకు కావాలి.

పొటాషియం క్లోరైడ్ నేరుగా సిరలోకి ఎందుకు ఎక్కించకూడదు? గుండె ఆగిపోతుంది. పెద్దవాళ్ళకు సీపీఆర్ ఎలా? నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. రక్తం అంటిన దూది ఏ బకెట్లో, వాడిన సూది ఏ డబ్బాలో? దూది పసుపులో, సూది తెల్లటి గట్టి డబ్బాలో. ఇంట్లో అద్దం ముందు నిలబడి పైకి చెప్పి చూసుకోండి. తెలిసిన జవాబే పైకి చెప్పేటప్పుడు తడబడుతుంది.

తర్వాత ఒక పేషెంటు పరిస్థితి చెప్పి, డాక్టరుకు ఫోన్లో ఎలా చెప్తావు అని అడుగుతాను. "సార్, పేషెంట్ బాలేడు, రండి" అన్నది జవాబు కాదు. ఎవరు, ఏ జబ్బుతో ఉన్నారు, ఇప్పుడు బీపీ, పల్స్, శాచురేషన్ ఎంత, మీరేం చేశారు, డాక్టరు నుంచి ఏం కావాలి: ఈ వరస. ఇంగ్లీషు రాదని భయపడేవాళ్ళు తెలుగులోనే చెప్పండి. మందు పేరు, డోసు, అంకెలు తప్పు పోకుండా ఉంటే నాకు చాలు. సేద్యం చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదివిన పిల్లలే నా వార్డుల్లో చాలామంది, వాళ్ళ చేతుల మీద నాకు పూర్తి నమ్మకం.

ఇంకోటి. "సిస్టరమ్మా, మావోనికి పొద్దుటి నుంచి జరం తగ్గల్యా, మీరేం జూస్తాండారు?" అని బంధువు గట్టిగా అరిస్తే ఏం చేస్తావు అని కూడా అడుగుతాను. సెక్యూరిటీని పిలుస్తానని కొందరంటారు. "ముందు థర్మామీటరు పెట్టి, చార్టు చూపించి, ఎప్పుడు ఏ మందు ఇచ్చామో చెప్తాను పెద్దయ్యా అంటాను" అన్న అమ్మాయి మాట నాకింకా గుర్తుంది.

తెలియనిది అడిగితే "తెలియదు మేడం, ఇన్‌ఛార్జిని అడిగి చేస్తాను" అనండి. ఆ జవాబుకు నేనెప్పుడూ మార్కులు తగ్గించలేదు.

చేరే ముందు మీరూ అడగండి

షిఫ్టు ఎన్ని గంటలు, నెలకు ఎన్ని నైట్లు, ఐసీయూలో ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, ఇంతకాలం మానకూడదనే బాండ్ ఉందా. నెమ్మదిగా, మర్యాదగా అడగండి, ఎవరూ తప్పుపట్టరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక ఆసుపత్రి నా ఒరిజినల్స్ పెట్టేసుకుంది. మంచి అవకాశం వచ్చినప్పుడు అవి చేతిలో లేక పోగొట్టుకున్నాను. ఇక జీతం: 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదని, సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. అడగడానికి మీకు ఆ ఆధారం ఉంది.

ఫోన్ రాకపోతే

వారం ఆగి మీరే ఒకసారి చేయండి. రోజూ చేయొద్దు. పోస్టు వేరొకరికి ఇచ్చామంటే "సరే మేడం, నాలో ఏం తక్కువైందో చెప్తారా?" అని అడగండి. ఆళ్ళగడ్డ అమ్మాయి ఒకరు పోయినేడు అలా అడిగారు. చిన్నపిల్లలకు క్యాన్యులా పెట్టడం, పసిబిడ్డలను వెచ్చగా ఉంచే బేబీ వార్మర్ వాడడం రాదమ్మా అని చెప్పాను. ఆమె పేరు, నెంబరు నా డైరీలో రాసి పెట్టుకున్నాను. ఐదు నెలల తర్వాత పసిబిడ్డల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో ఖాళీ వచ్చింది. ఫోన్ చేస్తే, అప్పటికి ఆమె నంద్యాలలో ఒక పిల్లల ఆసుపత్రిలో చేరి ఆ రెండూ నేర్చుకుంటోంది. "సొంతంగా ఎన్ని పెట్టావమ్మా?" అన్నాను. "ముప్పై రెండు మేడం, నోట్‌బుక్‌లో రాసుకున్నాను" అంది.